పేరు రాయని క్యాసెట్

మొన్న హన్మకొండలో కొత్త ఫోన్ కొనడానికి కోడలితో కలిసి దుకాణానికి పోయాను. కౌంటర్ దగ్గరున్న అమ్మాయి, మెమరీ ఎంత కావాలమ్మా, స్టోరేజ్ ఎంత కావాలని అడిగింది. రెండూ ఒకటే కదా అంది కోడలు. కాదు అన్నాను నేను. ఎంత గట్టిగా అన్నానో ఏమో, ఇద్దరూ తిరిగి నా మొహం చూశారు. మెమరీ కరెంటు ఉన్నంతసేపే ఉంటుంది, స్టోరేజ్ కరెంటు పోయినా ఉంటుంది అని చెప్పాను. మీరు టీచరా అమ్మా అని అడిగింది ఆ పిల్ల. కాదు బిడ్డా, నేను బడి మొహమే చూడలేదు అన్నాను. ఫోన్ కొనుక్కుని ఇంటికొచ్చాం గానీ ఆ సాయంత్రమంతా నా మనసు జనగామలో మా పాత ఇంటి నడిమి గదిలోనే తిరిగింది. ఆ రెండు మాటలకూ తేడా నేను నేర్చుకున్నది ఆ గదిలోనే.

బడి మొహం చూడకపోవడానికి కారణం ఉంది. నన్ను బడిలో వెయ్యాల్సిన ఏడే అరవై తొమ్మిది తెలంగాణ గడబిడ మొదలైంది. బడులు మూతబడ్డాయి. రోడ్ల మీద ఊరేగింపులు, లాఠీలు, పట్టపగలే దుకాణాల తలుపులు దించుకోవడం. గడబిడ చల్లారాక మా సీనన్నను మళ్లీ బడికి పంపారు, నన్ను పంపడానికి మాత్రం బాపుకు ధైర్యం చాలలేదు. మా అమ్మ నేను పాలు తాగే పిల్లగా ఉన్నప్పుడే పోయింది. తల్లిలేని పిల్ల, ఎక్కడ తొక్కిసలాటలో పడుతుందోనని ఆయన భయం. ఒక్క ఏడు ఆగుదామనుకున్నది అట్లాగే ఆగిపోయింది. బాపు అక్క, మా మేనత్త కౌసల్య, చిన్నతనంలోనే భర్త పోయి మా ఇంట్లోనే ఉండేది. నన్ను పెంచిందీ, చదువు చెప్పిందీ ఆమే. పొయ్యి పక్కన బియ్యం పళ్లెంలో అక్షరాలు దిద్దించింది, తర్వాత భాగవతం చదివించింది. ఇంగ్లీషు మాత్రం సీనన్న తన పాత పుస్తకాల్లోంచి చెప్పేవాడు. అత్తకు ఒక అలవాటుండేది. మాపటికి దీపం పెట్టాక నన్ను ముందర కూర్చోబెట్టుకుని, ఇయ్యాల ఏమన్న అబద్ధం ఆడినవా బిడ్డా అని అడిగేది. కోపంగా కాదు, అన్నం తిన్నావా అని అడిగినట్టు. ఆడితే చెప్పేదాన్ని. ఆమె దండం పెట్టుకొమ్మనేది, అంతే. ఆ ఒక్క అలవాటు నాకు చేసిన మేలుకు ఆమె పాదాలకు రోజూ దండం పెట్టుకున్నా తీరదు.

మాది గింజల వ్యాపారం. ముందు దుకాణం, వెనక బస్తాలు పేర్చే కొట్టు, దాని పక్కన నడిమి గది, ఆ వెనక వంటిల్లు. ఇల్లంతా గోనెల వాసన, కందుల దుమ్ము, ఎండు మిర్చి వచ్చిన రోజుల్లో అందరికీ తుమ్ములు. సందెవేళ అత్త వేసే సాంబ్రాణి పొగ ఆ వాసనలన్నిటి మీదా కప్పుకునేది. అటువంటి ఇంట్లోకి సీనన్న కంప్యూటర్ తెచ్చాడు. అప్పుడు వరంగల్లో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. దోస్తు వాళ్ల మామ ఎవరో దుబాయి నుంచి తెచ్చిందట, దోస్తుకు దాని మీద మనసు లేకపోతే ఈయన తెచ్చుకున్నాడు. చూస్తే పలచటి నల్ల పెట్టె, దాని మీద రబ్బరు బటన్లు. దానికి మా నలుపు తెలుపు టీవీని తగిలించాడు, అత్త భజనలు వినే టేప్ రికార్డర్ తగిలించాడు, ఇంకెవరి దగ్గరో అడిగి ఒక ప్రింటర్ తెచ్చి అదీ తగిలించాడు.

ఒక్క పెట్టెకు ఇన్ని ఎందుకన్నా అని అడిగితే నన్ను దుకాణంలోకి తీసుకుపోయి కాంటా ముందర నిలబెట్టాడు. రైతు బండి దించేది గడప దగ్గర గదా, ఆ గడప ఈ బటన్లు, ఏది లోపలికి రావాలన్నా ఇక్కడినుంచే రావాలె అన్నాడు. గింజలు కాంటా తట్టల ఉన్నంతసేపే మన చెయ్యి కింద ఉంటయి, తట్ట ఎత్తితే ఖాళీ, అది మెమరీ. కొట్ల పేర్చిన బస్తాలు మనం దుకాణం బందు చేసి పండుకున్నా ఎటూ పోవు, అది క్యాసెట్. బాపు తూకం ఇంతని రైతుకు ఇనబడేటట్టు గట్టిగ చెప్తడు చూడు, అది టీవీ. అదే చీటీ మీద రాసిస్తే ప్రింటర్. తర్వాత ఎందరో ఎన్నో పుస్తకాల్లో ఇదే సంగతి చెప్పి ఉంటారు. నాకు మాత్రం ఇప్పటికీ మెమరీ అంటే ఇత్తడి తట్టే కళ్ల ముందు ఊగుతుంది.

మేము రాసింది క్యాసెట్‌లోకి ఎక్కించినప్పుడు గానీ, క్యాసెట్‌లోంచి పెట్టెలోకి దింపినప్పుడు గానీ కీచురాళ్లన్నీ ఒక్కసారి గొంతెత్తినట్టు చప్పుడయ్యేది. సౌండ్ కొంచెం ఎక్కువైనా, కొంచెం తక్కువైనా పెట్టెకు అర్థమయ్యేది కాదు, తప్పు అని టీవీ మీద చూపించేది. అందుకే సరిగ్గా ఎక్కడ తిప్పాలో గుర్తుండాలని టేప్ రికార్డర్ సౌండ్ మీట పక్కన నేను కుంకుమ బొట్టు పెట్టాను. మొదటి క్యాసెట్‌లో అన్న నాకు నేర్పిన మొదటి పాఠం ఉండేది. నాలుగు ముక్కలు రాస్తే టీవీ నిండా ఇంగ్లీషులో రామ రామ అని ఆగకుండా పడేది, ప్రింటర్ మీదికి పంపితే కాగితం మీద కర్రు కర్రుమని కొట్టేది. అత్త రామకోటి రాసుకునే మనిషి. గిది గూడ లెక్కకొస్తదారా అని అడిగింది. వస్తది గాని పుణ్యం కరెంటాఫీసుకు పోతదత్తా అన్నాడు సీనన్న. పెట్టె ఆపితే లోపలిదంతా పోతుందని విన్న రోజు నుంచి, నేను స్విచ్ మీద చెయ్యి వేసినప్పుడల్లా వంటింట్లోంచి అత్త కృష్ణార్పణం అనేది. రెండో క్యాసెట్‌లో నేను చేసిన ఎక్కాలు. రెండిటి మీదా నా చేత్తో పేర్లు రాశాను.

ఆ రోజుల్లో జనగామ నుంచి అటు ఘనపూర్, మహదేవపూర్ అడవుల దాకా ఇళ్లల్లో మాట మెల్లగా మాట్లాడుకునేవాళ్లు. చదువుకునే పిల్లలు కొందరు ఉన్నట్టుండి హాస్టల్లో కనిపించేవాళ్లు కాదు. అడివిల కలిసిండట అని, అంటే నక్సలైట్లలో చేరాడని, ఎవరో అంటే విన్నవాళ్లు విననట్టు లేచిపోయేవాళ్లు. సీనన్నతో చదివే రవీందర్ అనే అబ్బాయి ఒకసారి మా ఇంటికి వచ్చాడు. సన్నగా, మర్యాదగా ఉన్నాడు, అత్త పెట్టిన సర్వపిండి తిని దండం పెట్టాడు. తర్వాత ఇద్దరూ నడిమి గది తలుపు వేసుకుని చాలాసేపు కూర్చున్నారు. లోపలినుంచి టేప్ రికార్డర్ కీచుమన్న చప్పుడు వినిపించింది. కొన్నాళ్లకు రవీందర్ కూడా హాస్టల్లో లేడని తెలిసింది. ఆ సంగతి చెప్పిన రోజు అన్న అన్నం ముద్ద చేతిలో పెట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. నేను ఏమీ అడగలేదు. అడిగితే ఏం చెబుతాడోనని భయం.

తర్వాత మార్కెట్ గోడల మీద నక్సలైట్ల కరపత్రాలు వెలిశాయి. వాటిని ఎవరు అచ్చేశారా అని పోలీసులు వెతుకుతుంటే, గింజల సేటు ఇంట్ల ఏదో అచ్చు మిషన్ నడుస్తదని ఎవరో చెప్పారు. అచ్చు మిషన్ అంటే మా ప్రింటర్ చప్పుడే. అన్న సెలవుకు వచ్చి ఉన్న ఒక పొద్దున జమాన్లు ఇంటికొచ్చారు. జమాన్లంటే కానిస్టేబుళ్లు, మా దిక్కు అట్లాగే అనేవాళ్లు. గదంతా వెతికారు. అక్కడున్న మూడు క్యాసెట్లనూ మా టేప్ రికార్డర్‌లోనే పెట్టి విన్నారు. పాట వస్తుందనుకున్న జమాను ఆ కీచుమనే చప్పుడుకు చెవి మూసుకుని, గిదేం బాసరా అని అన్నను అడిగాడు. మిషన్ బాస సారు అన్నాడు అన్న. అది వాళ్లకు ఇంకా అనుమానం తెచ్చింది. క్యాసెట్లు రుమాల్లో మూటగట్టుకుని, మాట్లాడి పంపిస్తమని చెప్పి అన్నను జీపెక్కించారు. చెప్పులు వేసుకోనివ్వలేదు.

బాపు స్టేషన్‌కు పోయాడు. లోపలికి రానివ్వలేదని తిరిగొచ్చి దుకాణం గడప మీద కూలబడ్డాడు. అట్లా తీసుకుపోయిన పిల్లల సంగతి ఒక్కోసారి ఎన్‌కౌంటర్ అని పేపర్లో చదివి తెలుసుకోవాల్సి వచ్చే కాలం అది. మా ఇంట్లో ఎవరూ ఆ మాట పైకి అనలేదు. అత్త పొయ్యి వెలిగించి, ఏమీ వండకుండా ఆ మంట వైపే చూస్తూ కూర్చుంది. నేను చిలుపూరు గుట్ట బుగులు వెంకన్నకు మొక్కుకున్నాను. బుగులు అంటే భయం, మా దిక్కు భయం పట్టుకున్నవాళ్లంతా ఆ గుట్టే ఎక్కుతారు. నాకు మాత్రం భయం రెండు రకాలుగా ఉంది. అన్నను ఏం చేస్తారోననేది ఒకటి. రెండోది బాపుకు కూడా చెప్పలేనిది. ఆ మూడో క్యాసెట్ నేనెప్పుడూ చూసింది కాదు. దాని మీద పేరు లేదు.

మధ్యాహ్నం జమాన్లను వెంటబెట్టుకుని, ఆ క్యాసెట్ల మూటతో ఎస్సై తనే వచ్చాడు. కోస్తా వైపు మనిషి, నడి వయసు, మాట నెమ్మది. ఆ నెమ్మదికే భయం ఎక్కువైంది. ఈ మిషన్ ఇంట్లో ఇంకెవరికి వచ్చని అడిగాడు. బాపు ఎవలకు రాదు సారు అనబోతుంటే తలుపు వెనక నుంచి నాకొస్తది అన్నాను. అత్త నా చెయ్యి పట్టుకుని, పట్టుకున్నంత త్వరగానే వదిలేసింది. ఎక్కడ చదువుకున్నావమ్మాయ్ అని అడిగాడు ఎస్సై. ఇంట్లనే సార్ అన్నాను. ఇంట్లనే అని నా యాస అనుకరించి జమాన్ల వైపు చూసి నవ్వాడు. జమాన్లు మా దిక్కు వాళ్లే, నవ్వలేక నవ్వారు. దీంట్లో తెలుగు వస్తుందా అని అడిగాడు. రాదు సార్, ఇంగ్లీష్ ఒక్కటే అన్నాను. అది నాకు తెలిసిన నిజం.

పొద్దున జమాను టేప్ రికార్డర్ మీట అటూ ఇటూ తిప్పేశాడు. క్యాసెట్లు నడిపి చూపించమని ఎస్సై అంటే, కుంకుమ బొట్టు దగ్గరికి దాన్ని జరిపి మొదటి క్యాసెట్ పెట్టాను. టీవీ నిండా రామ నామం పడింది. ఎస్సై ప్రింటర్ మీద కూడా కొట్టి చూపించమన్నాడు, చూపించాను. రెండోది పెట్టాను, ఎక్కాలు పడ్డాయి. మూడోది అందించాడు. అప్పుడు నా కళ్ల ముందు రవీందర్ మర్యాదగా దండం పెట్టడం, మూసిన తలుపు, లోపలి కీచు చప్పుడు అన్నీ మెదిలాయి. దీంట్లో రవీందర్ వాళ్ల రాతలేవన్నా ఉంటే నా చేత్తోనే నేను అన్నను అప్పగించినట్టు. పెట్టకుండా ఉండే దారి లేదు. బటన్ నొక్కాను. టీవీ అంచుల మీద గీతలు పరుగెత్తాయి, కీచు మొదలైంది. అన్ని రోజులూ కరెంటు పోవద్దు స్వామీ అని మొక్కుకున్నదాన్ని ఆ రోజు కరెంటు పోవాలె స్వామీ అని మొక్కుకున్నాను.

పోయింది. టీవీ మధ్యలో ఒక చుక్క మిగిలి, అదీ ఆరిపోయింది. ఫ్యాన్ నెమ్మదించి ఆగింది. ఎస్సై టీవీ వైపు చూసి, ఆ తర్వాత నా వైపు చూశాడు.

"ఇప్పుడు లోపల ఎక్కింది ఏమైనట్టు?"

"పోయింది సార్. కరెంటు లేకుంటే పెట్టెల ఏదీ ఉండది."

"అయితే ఇక రానట్టేనా?"

బాపు నన్నే చూస్తున్నాడు. ఆయనకు కంప్యూటర్ తెలియదు గానీ నా మొహం తెలుసు. ఊ అంటే చాలు, ఈయన లేచి పోతాడు. నేను పూర్తిగా అబద్ధం కూడా ఆడనక్కరలేదు, ఊరికే తల వంచుకున్నా సరిపోతుంది. నేను ధైర్యంతో నిజం చెప్పానని ఎవరైనా అనుకుంటే అది తప్పు. నోటికి అట్లా అలవాటైపోయింది, వేరే మాట రాలేదు.

"పెట్టెల పోయింది సార్. క్యాసెట్ల ఉంటది. కరెంటొస్తే మళ్ల ఎక్కించొచ్చు."

బాపు కళ్లు మూసుకున్నాడు. అత్త లోపలికి పోయి ఎస్సైకి చల్ల తెచ్చిచ్చింది. ఆయన తాగుతూ కూర్చున్నాడు, మేము నిలబడ్డాం. బయట ఎవరో రైతు వచ్చి సేటూ అని పిలిచి, జీపును చూసి పోయాడు. కరెంటు కోసం మా ఇంట్లో అంతగా ఎదురుచూసిన రోజు మళ్లీ రాలేదు, అది వస్తుందని అంతగా భయపడిన రోజు కూడా.

వచ్చింది. మొదటిసారి క్యాసెట్ ఎక్కలేదు, తప్పు అని టీవీ చెప్పింది. కావాలని చేస్తున్నావా అన్నాడు ఎస్సై. గొంతు పెంచలేదు. మళ్లీ వెనక్కి తిప్పి, ఈసారి మీటను కుంకుమ బొట్టుకు వెంట్రుక వాసి ఇవతల పెట్టాను. కీచు ఆగింది. తెల్లటి తెర మీద నల్ల చుక్క పడింది, దాని పక్కన ఇంకొకటి, కింద ఇంకొకటి. చుక్కలు మెల్లగా వంపు తిరిగాయి. చూస్తుండగానే అది తెలుగు అ అయ్యింది.

తెలుగు రాదని ఇదే నోటితో చెప్పాను. రాదన్నావు కదమ్మాయ్ అన్నాడాయన. నాకు తెల్వదు సార్, మా అన్న నాకు చూపెట్టలేదు అన్నాను. తెర మీద ఆ పడింది, ఇ పడింది. ఒక్కొక్క అక్షరానికి మనిషి వక్క నమిలేంతసేపు పడుతోంది. ఆ చుక్కలను నేను గుర్తుపట్టాను. కొన్ని రోజుల కింద నేను వాకిట్లో ముగ్గు వేస్తుంటే అన్న పక్కన కూర్చుని, అ అనే అక్షరానికి ఎన్ని చుక్కలు సరిపోతయే అని అడిగాడు. ముగ్గులో అక్షరాలేందని నవ్వాను. ఊ దాకా వచ్చి తెర ఆగిపోయింది. ఇంకేమీ లేదు. దీన్ని కాగితం మీద కొట్టు అన్నాడు ఎస్సై. ప్రింటర్‌కు పంపాను. దానికి ఆ అక్షరాలు తెలియవు, అడ్డదిడ్డంగా ఏవో గుర్తులు కొట్టి ఊరుకుంది. ఆయన ఆ కాగితం చింపుకుని, జేబులోంచి మడతపెట్టిన ఒక కరపత్రం తీసి రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. మడిచి రెండూ జేబులో పెట్టుకున్నాడు. గడప దాటేటప్పుడు బాపుతో, ఈ లెక్కన మీవాడు ఒక్క పేజీ అచ్చెయ్యాలంటే ముసలాడైపోతాడు సేటూ అన్నాడు. అది మంచి మాటో చెడ్డ మాటో మాకు తెలియలేదు. క్యాసెట్లు మాత్రం తీసుకుపోయాడు.

మర్నాడు పొద్దెక్కాక సీనన్న నడుచుకుంటూ వచ్చాడు, వట్టి కాళ్లతో. కుడి చెయ్యి కడుపుకు ఆనించి పట్టుకున్నాడు. వేళ్లు కందగడ్డల్లా వాచి ఉన్నాయి. ఎవరూ ఏడవలేదు. అత్త ఉప్పు వేయించి గుడ్డలో మూటగట్టి కాపడం పెడుతుంటే నేను అన్నం కలిపి నోట్లో పెట్టాను. రెండు ముద్దలు తిన్నాక అడిగాడు.

"కరెంటు పోయిందటగా?"

"పోయింది. క్యాసెట్ల ఉంటదని నేనే చెప్పిన. నీకు కోపం రాలేదా అన్నా?"

అన్న వాచిన చెయ్యి ఒళ్లో సర్దుకున్నాడు. మూడో దాంట్ల తెలుగు అక్షరాలున్నయి, ఊ దాకనే చేసిన, ఇంకేం లేదని నిన్న పొద్దుననే మొత్తం చెప్పిన అన్నాడు. రవీందర్ వచ్చినప్పుడు వాళ్లు తలుపు వేసుకుని చేసింది కూడా అదేనట, అత్త రామకోటికి ఇంగ్లీషు పనికిరాదని. ఎస్సై నమ్మలేదు. నీ చెల్లెను అడుగుత, ఆమె దాస్తే నువ్వు చెప్పిందంతా అబద్ధమని రాసుకుంట అని చెప్పి మరీ మా ఇంటికి బయలుదేరాడట.

అది విన్నాకనే నాకు అసలు భయం పట్టుకుంది. చెయ్యి కడుక్కోకుండానే పెరట్లోకి పోయి బావి గట్టు పట్టుకుని నిలబడ్డాను. ఊ అని ఉంటే, తల వంచుకుని ఉంటే. ముందు రోజంతా నేను పడ్డ భయం దీని ముందు భయమే కాదనిపించింది.

అన్న వేళ్లు నయమయ్యాయి గానీ ఆ పెట్టెను మళ్లీ ముట్టుకోలేదు, ఎవరికో ఇచ్చేశాడు. చదువు ముగించి భూపాలపల్లి బొగ్గు గనుల్లో మిషన్ల పనిలో చేరి, రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాడు. నేను మానుకోట కోడలినయ్యాను, అదే ఇప్పటి మహబూబాబాద్. రవీందర్ సంగతి ఏమైందో మాకు తెలియలేదు, ఆ పిల్లవాడి కోసం ఇప్పటికీ ఒక దీపం ఎక్కువ వెలిగిస్తాను. ఇప్పుడు నా ఫోన్‌లో తెలుగు అక్షరాలన్నీ ఉన్నాయి, వేలు ఆనిస్తే చాలు ఋ కూడా వస్తుంది. మనవరాలు వాటితో పొద్దంతా నాకు పండుగల బొమ్మలు పంపుతుంది. ఇంత సులువైన రోజులు చూపించినందుకు దేవుడికి దండం. ఆ రోజు నా మీద చెయ్యి ఎత్తని ఎస్సైకి కూడా దండమే. అన్న వేళ్లు ఎవరు వాయగొట్టారో మాత్రం నేను మరిచిపోలేదు.

మా ఇంట్లో కరెంటు పోతే ఇప్పుడు ఎవరూ తలెత్తి కూడా చూడరు, ఇన్వర్టర్ తనే అందుకుంటుంది. ఫ్యాన్ ఒక్క క్షణం నెమ్మదించి మళ్లీ వేగమందుకుంటుంది. ఆ ఒక్క క్షణం నేను చేస్తున్న పని ఆపేస్తాను. ఎవరో నన్ను ఏదో అడిగినట్టు, నేనింకా జవాబు చెప్పనట్టు ఉంటుంది.